నేల అద్దంలా మెరిసిన రోజు

అమ్మడికి,

నాన్న దీవెనలు. ఇక్కడ నేను, నీ తమ్ముడు, మరదలు, వాళ్ల బుజ్జిది, అందరం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ అల్లుడుగారూ బాగున్నారని తలుస్తాను. నేల మీద గీతలు వేసేటప్పుడు మొదటి గీత తిన్నగా పడితే చేతికి ధైర్యం వస్తుంది. అందుకని బాగున్నామన్న మాట ముందే రాసేశాను.

నీ ఉత్తరం పోయిన మంగళవారం అందింది. చిన్న ప్రశ్నలకి ముందు జవాబు చెప్తాను, పెద్దదానికి కాస్త ఊపిరి తీసుకోనీ. ఆపరేషన్ అయ్యాక కుడికన్ను బాగానే కనిపిస్తోంది. ఎంత బాగా అంటే, మరదలు గిన్నెలకి అడుగున మడ్డి వదిలేస్తుందని కూడా కనిపిస్తోంది. చూసీ చూడనట్టు ఊరుకుంటున్నాను. బుజ్జిదానికి ముందు పళ్లు రెండూ ఊడాయి. ఎవరైనా నవ్విస్తారేమోనని అరచెయ్యి మూతికి అడ్డం పెట్టుకుని తిరుగుతోంది. నువ్వు పంపిన స్వెట్టరు నాకు కాస్త వదులు. తమ్ముడికి ఇవ్వమంటావేమో, ఇవ్వను.

నీ మోకాలి సంగతి. కీలు మొత్తం మార్చాలని డాక్టరు అంటున్నాడనీ, నలభై ఏళ్లకే కొత్త కీలేమిటి, ఇంకో పదేళ్లు ఈడ్చలేనా అనీ రాశావు. టిక్కెట్ల కౌంటర్లో కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ బల్ల మీద ఆన్చాల్సి వస్తోందని, లైనులో జనం చూస్తుంటే సిగ్గుగా ఉందని కూడా రాశావు. ఆ వాక్యం చదివి కాగితం మడిచి జేబులో పెట్టుకుని, సాయంత్రం దాకా మళ్లీ తీయలేదు. చేయించుకో తల్లీ. ఈ విషయంలో డాక్టరు మాటే విను. నా మాట ఎందుకు వినకూడదో ఉత్తరం చివరికొచ్చేసరికి నీకే తెలుస్తుంది.

ఇక పెద్దది. "హాల్లో ఆఖరి సాయంత్రం ఎలా జరిగిందో ఒక్క ముక్క వదలకుండా రాయి నాన్నా. తొమ్మిదో నెంబరు వచ్చిందా? నోరు తెరిచి క్షమించమని అడిగిందా? పంతొమ్మిదేళ్లుగా ఆ ఒక్క మాట కోసం చూస్తున్నాను. ఈ కాలితో రాలేను కాబట్టి నా చెవులతో నువ్వు విను" అని రాశావు. వచ్చింది. అడిగింది. నీ చెవులతోనే విన్నాను.

వచ్చే నెల మన బాస్కెట్‌బాల్ హాలు కూలగొడుతున్నారు. కాలేజీవాళ్లకి అక్కడ ఐదంతస్తుల భవనం కావాలిట. ముప్పై ఒక్క ఏళ్లు ఆ చెక్క నేల తుడిచాను, పాలిష్ పెట్టాను, గీతలు వేశాను, రింగులకి వలలు కట్టాను. రిటైరయ్యే రోజున నాకో గోడగడియారం ఇచ్చారు. అది రోజుకి పది నిమిషాలు వెనక నడుస్తుంది, నాలాగే. సరే, కూలగొట్టేలోపు ఒక్క సాయంత్రం హాలు తలుపులు మన కోసం తీయాలని మనవాళ్లు ప్రిన్సిపాలు గదికి వారం రోజులు తిరిగారు. మనవాళ్లంటే నీకు తెలుసుగా, నిన్ను పిచ్చుక అని పిలుచుకునే నీ అభిమానులు. మొదట్లో అరవై మంది ఉండేవాళ్లు. ఇప్పుడు ప్రతి ఆదివారం మధ్యాహ్నం ప్రింటింగ్ ప్రెస్సులో కాగితం కట్టల మీద కూర్చునేది పదకొండు మంది. వాళ్లలోనూ నోరున్నవాళ్లు ముగ్గురే: ప్రెస్సాయన, రిటైరైన బస్సు కండక్టరు, లైబ్రరీ మేడమ్.

ఆ సాయంత్రం ముగ్గురూ రెచ్చిపోయారు. కండక్టరు మైకు పట్టుకుని, నువ్వు సెమీఫైనల్ ఆడిన రోజున ఇంజను వేడెక్కిందని అబద్ధమాడి బస్సుని హాలు గేటు ముందు ఆపేసిన కథ చెప్పాడు. ప్రయాణికులందరినీ దించి లోపలికి తోలాడట. "ఒకాయన ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్లాలండీ. నన్ను బండబూతులు తిట్టాడు. ఆట అయ్యాక, 'ఉద్యోగం పోతే పోయింది, పిచ్చుకని చూశాను' అన్నాడు" అని చెప్పి తనే ఏడ్చాడు. కిందటేడు ఈ కథలో ప్రయాణికులు ఇరవై మంది. ఈసారి డెబ్బై అయ్యారు. అంతమంది ఏ బస్సులో పడతారో కండక్టరుకే తెలియాలి.

లైబ్రరీ మేడమ్ మైకు తీసుకోలేదు. జీవితమంతా 'నిశ్శబ్దం' అన్న బోర్డు కింద కూర్చున్న మనిషి, రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఈల వేసింది. అప్పట్లో నువ్వు బంతి అందుకోగానే వేసేదే, ఆ ఈలే. ఆవిడకి డెబ్బై మూడేళ్లు. హాలంతా గొల్లుమంది.

ప్రెస్సాయన నీ మీద ఒక చిన్న పుస్తకం వేశాడు. 'మా పిచ్చుక' అని పేరు. బాగానే ఉంది, నీ ఫోటోలో చెవి ఒకటి తెగిపోయిందంతే. ఫైనల్లో నువ్వు ముప్పై నాలుగు పాయింట్లు వేశావని అందులో అచ్చయింది. "ఇరవై రెండే కదండీ, స్కోరు పుస్తకంలో ఉంది" అన్నాను.

"ఇంకా నాలుగు నిమిషాల ఆట ఉంది కదా పెద్దాయనా. పడి మోకాలు పోగొట్టుకోకపోయుంటే వేసేది కాదా?" అన్నాడు.

పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నాను.

ఇంతలో ఎప్పటిలాగే ఎవరో ఆ మాటెత్తారు. ప్రతి ఆదివారం ఎత్తుతారు. "ఆ రోజు నేల చూశారా? అద్దమే! పిల్లల నీడలు కింద తలకిందులుగా పరిగెత్తాయి. అలాంటి మెరుపు మళ్లీ ఎప్పుడన్నా వచ్చిందా? అంతా పెద్దాయన చేతి చలవ." ఆ మాట రాగానే ప్రెస్సులో అయితే నేను లేచి టీ కప్పులు కడగడానికి వెళ్లిపోతాను. పంతొమ్మిదేళ్లుగా ఆ ప్రెస్సులో కప్పులు నా అంత శుభ్రంగా కడిగినవాడు లేడు. హాల్లో కడగడానికి కప్పుల్లేవు. కాగితం గ్లాసులు తెచ్చారు.

అవతలి జట్టు తొమ్మిదో నెంబరుని వెతికి పట్టుకున్నది నేనే. ఇప్పుడామె స్కూలు వ్యాను నడుపుతోంది. పోయిన నెలలో వ్యాన్లు ఆగే చోటికి వెళ్లాను. అంత పొడుగు మనిషి కదా, సీటు ఎంత వెనక్కి జరిపినా మోకాళ్లు స్టీరింగుకి తగులుతున్నాయి. జుట్టు సగం నెరిసింది. నీకంటే ఏడాది చిన్నదే. నేనెవరో చెప్పగానే వ్యాను దిగి, తప్పు చేసిన పిల్ల టీచరు ముందు నిలబడ్డట్టు నిలబడింది.

"బాబాయిగారూ, ఎప్పుడో ఒకప్పుడు వస్తారని అనుకుంటూనే ఉన్నాను" అంది. "అక్క ఎలా ఉంది? కాలు?"

ఉన్నదున్నట్టు చెప్పాను. నేల చూస్తూ వింది. వస్తావా అంటే, పిల్లల్ని దింపేసి వస్తానంది. ఆ రోజు అక్కడే చెప్పేయాలని వెళ్లాను తల్లీ. ఏం చెప్పాలో దారంతా మనసులో అనుకుంటూ వెళ్లాను. ఆమె పిల్లల నీళ్ల సీసా ఇచ్చి తాగమంది. తాగి వచ్చేశాను.

ఆ సాయంత్రం చివరి వరుసలో, వ్యాను డ్రైవర్ల ఖాకీ చొక్కాలోనే కూర్చుంది. ఎవరూ పలకరించలేదు. కండక్టరు పేరు పెట్టి పిలవలేదు, "ఆవిడ వచ్చారు" అన్నాడంతే. ముందుకొచ్చి మైకు పట్టుకుంది. ఆమె మాటల్ని ఆమె అన్నట్టే రాస్తున్నాను:

"ఆ రోజు నాకు ఇరవై ఏళ్లు. మీ పిచ్చుకని ఎవరూ ఆపలేకపోతున్నారు. మా కోచ్ నన్ను తిడుతున్నాడు. ఆవిడ బంతి తీసుకుని ఒంటరిగా రింగు మీదికి వెళ్తుంటే వెనకాల పరిగెత్తాను. చెయ్యి చాచాను. బంతికే చాచాననుకున్నాను. విచారణలో కూడా అదే చెప్పాను, తోయలేదు తోయలేదు అని ఏడ్చాను. ఎవరూ నమ్మలేదు. రెండేళ్లు ఆడకూడదన్నారు. ఇస్తామన్న ఉద్యోగం ఇవ్వలేదు. తర్వాత్తర్వాత నాకే అనిపించింది, ఇంతమంది చూశారు కదా, వీళ్లందరూ అబద్ధం చెప్తారా అని. ఇప్పుడు కళ్లు మూసుకుంటే నా చెయ్యి ఆవిడ వీపుకి తగలడం నాకు తెలుస్తుంది. నేనే తోశాను. అక్కా, నువ్వు ఇక్కడ లేవు. నన్ను క్షమించు."

ఇంతే. ఒక్క ముక్క వదల్లేదు. జనం చప్పట్లు కొట్టారు. లైబ్రరీ మేడమ్ వెళ్లి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

నువ్వు అడిగింది ఇక్కడితో అయిపోయింది. ఇప్పుడు నువ్వు అడగనిది రాస్తాను. ఇక్కడికొచ్చాక మూడు రోజులు పెన్ను మూసేశాను, కాబట్టి సిరా రంగు మారితే ఏమీ అనుకోకు.

చెక్క నేలకి మైనం పాలిష్ పెడితే రెండు రోజులు దాని మీద ఎవర్నీ అడుగు పెట్టనివ్వకూడదు. పైన ఆరినట్టు కనిపిస్తుంది, లోపల ఆరదు. ఈ పనిలో మొట్టమొదట నేర్పేది ఇదే. కొత్తగా చేరిన ప్రతివాడికీ చెవిలో జోరీగలా చెప్పేవాణ్ని. ఫైనల్ శనివారం. బుధవారం పెట్టాల్సిన పాలిష్ డబ్బా రాలేదు, శుక్రవారం సాయంత్రానికి వచ్చింది. మామూలుగా అయితే మూలన పెట్టేసేవాణ్నే. కానీ నువ్వు ఆ వారమే ఇంట్లో అన్నం దగ్గర, "వాళ్ల కాలేజీ హాలు ఎంత బాగుందో నాన్నా, మనది గోడౌన్‌లా ఉంది" అని నవ్వుతూ అన్నావు. నవ్వుతూనే అన్నావు. అది నాకు ముల్లులా గుచ్చుకుంది. జట్లని ఎంపిక చేసేవాళ్లు వస్తున్నారు, నా కూతురు ఆడుతోంది, నా నేల గోడౌన్‌లా ఉండటమేమిటి? శనివారం పొద్దున ఐదింటికే వెళ్లి, తలుపులేసుకుని, మోకాళ్ల మీద కూర్చుని నేలంతా మైనం పట్టించాను. గోనెపట్టాతో రుద్దాను. పదింటికి కిటికీల్లోంచి ఎండ పడేసరికి నిజంగానే అద్దమైంది. చూసుకుని మురిసిపోయాను. అవతలి రింగు వైపు కిటికీల్లేవు కదా. అక్కడ ఆరలేదు.

నువ్వు లోపలికి రాగానే, "నాన్నా, ఈ వాసనేంటి?" అని అడిగావు. కొత్త డబ్బా అని చెప్పాను. నీకు గుర్తుందో లేదో.

మొదటి సగంలో అవతలి రింగులో బంతి వేయాల్సింది వాళ్లు. వాళ్ల జట్టులో ఒక పొట్టి పిల్ల అక్కడ సర్రున జారి, లేచి, షూ అడుగు చూసుకుంది. నేను చూశాను. సగం ఆటయ్యాక పది నిమిషాలు విరామం. నా చేతిలో పొడిగుడ్డ ఉంది. వెళ్లి తుడిస్తే అందరూ అడుగుతారు, ఏమైందీ అని. ఫైనల్ రోజు పొద్దున పాలిష్ పెట్టిన మూర్ఖుడెవడు అంటారు. నీ ముందు అంటారు. స్టూలు మీదే కూర్చున్నాను. పది నిమిషాలూ ఆ గుడ్డని మడతపెడుతూ కూర్చున్నాను. తర్వాత రింగులు మారాయి, ఆ రింగులో బంతి వేయాల్సింది నువ్వయ్యావు.

నువ్వు ఎడమ కాలు మోపడం చూశాను. కాలు నీది, నేల నాది. ఆ పిల్ల చెయ్యి ఇంకా జానెడు వెనకే ఉంది తల్లీ. నువ్వు జారాక, నిన్ను తప్పించుకోలేక ఆమె నీ మీద పడింది. జనం రెండోదే చూశారు. నేను నేలనే చూస్తున్నాను కాబట్టి మొదటిది చూశాను.

విచారణలో ముగ్గురు పెద్దమనుషులు నన్ను పిలిచి, నేల జారుడుగా ఉందా అని అడిగారు. లేదన్నాను. పాలిష్ ఎప్పుడు పెట్టావన్నారు. బుధవారం అన్నాను. రిజిస్టరు తెమ్మన్నారు. అందులో బుధవారం అని ఆ పొద్దునే రాసుకుని వెళ్లాను. ఐదు నిమిషాల్లో పంపించేశారు. బయట బెంచీ మీద ఆ అమ్మాయి కూర్చుని ఉంది, లోపలికి పిలుపు కోసం. నన్ను చూసి, "బాబాయిగారూ, అక్కకి ఎలా ఉంది?" అంది.

మీ అమ్మకి కూడా చెప్పలేదు. చివరి రోజుల్లో ఆసుపత్రిలో, ఆ పొడుగుదానికి నా బిడ్డ ఉసురు తగలకపోదు అని అది శపిస్తుంటే, పక్కన కూర్చుని తల ఊపాను.

ఆ సాయంత్రం ఆమె మాట్లాడాక, చప్పట్లు ఆగకముందే లేచాను. వెళ్లి మైకు లాక్కున్నాను. "ఆ అమ్మాయి తోయలేదు. నేలది తప్పు. నేల నేను చెడగొట్టాను. పొద్దున పాలిష్ పెట్టాను, ఆరలేదు, విచారణలో అబద్ధం చెప్పాను" అన్నాను. గట్టిగానే అన్నాను. చివరి వరుసకి కూడా వినిపించింది.

తర్వాత కండక్టరు లేచి, కళ్లు తుడుచుకుంటూ, "చూశారా పెద్దాయన మనసు! కన్నకూతురి కాలు తీసేసిన మనిషిని కాపాడటానికి నింద తన నెత్తినేసుకుంటున్నాడు" అన్నాడు. అంతే తల్లీ. ఆమెకి కొట్టినదానికి రెండింతలు చప్పట్లు కొట్టారు. నేను కాదు కాదని చేతులు ఊపుతున్నాను, వాళ్లు ఇంకా కొడుతున్నారు. ప్రెస్సాయన వచ్చి కౌగిలించుకుని, రెండో ముద్రణలో ఈ మాట వేస్తానన్నాడు. రిజిస్టరు చూడండి అని అరిచాను. ఆయన దగ్గర ఆ పేజీ ఉంది, పుస్తకం కోసం ఫోటో తీయించాడట. తెరిచి చూపించాడు. బుధవారం అని ఉంది, కింద నా సంతకం. "ఇదిగో, మీ రాతే. ఇంకెందుకండీ ఈ మొహమాటం?" అన్నాడు.

బయట వ్యాను దగ్గరికి పరిగెత్తాను. పరిగెత్తానంటే, నా పరుగు నీకు తెలుసుగా. ఆమె తలుపు తీస్తోంది. "నేను చెప్పింది నిజమమ్మా. నువ్వు తోయలేదు. ఒట్టు" అన్నాను.

ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. "బాబాయిగారూ, మీలాంటివాళ్లు ఉంటారని నాకు తెలియదు. కానీ వద్దండి. ఇన్నేళ్లకి ఈ రోజు నా గుండె తేలికైంది. చెప్పేశాను, విన్నారు, భుజం మీద చెయ్యి వేశారు. ఇప్పుడు నేను తోయలేదంటే, మరి ఆ రెండేళ్లు ఎందుకు? ఆ ఉద్యోగం ఎందుకు పోయింది? ఎవర్ని అడగను?"

"నన్ను అడుగు" అన్నాను.

తల అడ్డంగా ఊపింది. చిన్నపిల్లాణ్ని బుజ్జగించినట్టు నా వీపు నిమిరి, నన్ను వ్యానులో ఎక్కించుకుని ఇంటి దగ్గర దింపింది. దింపేటప్పుడు, మెట్టు చూసుకుని దిగండి బాబాయిగారూ, జారుతుంది అంది.

తమ్ముడికి చెప్పాను. "పడుకో నాన్నా, అలిసిపోయావు" అన్నాడు. మరదలు నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరముందేమో చూసింది. పోయిన ఆదివారం ప్రెస్సుకి వెళ్లలేదు. నా గురించి అక్కడ ఇప్పుడొక కొత్త కథ మొదలైందట. కండక్టరు చెప్తున్నాడంటే వచ్చే ఏడాదికి అది ఎంతవుతుందో ఊహించుకో.

ఇక మిగిలింది నువ్వొక్కదానివే. నువ్వు కూడా నమ్మవేమోనని భయంగా ఉంది. నమ్ముతావేమోనని అంతకన్నా భయంగా ఉంది. మా నాన్న మంచివాడు, అందర్నీ వెనకేసుకొస్తాడు అని నవ్వి ఈ కాగితం పక్కన పెట్టేస్తే, నాకు ప్రాణం లేచొస్తుంది, ఆ పిల్ల మాత్రం మళ్లీ చస్తుంది. నేను మంచివాణ్ని కాదు తల్లీ. నీ కాలు తీసింది నేను. ఆమె బతుకు తీసింది కూడా నేనే. క్షమించమని అడగను. ఆ మాట ఆమె దగ్గర అంత బాగా విన్నాక నా నోట అది రాదు.

నాకు జవాబు రాయకపోయినా పర్లేదు. నువ్వు రాయవనే అనుకుంటున్నాను. ఆ పొద్దున పాలిష్ డబ్బా మూత తీసిన దగ్గర్నుంచీ ఇది ఎక్కడికి వస్తుందో నాకు తెలుసు.

ఆమె నీకు సొంతంగా ఉత్తరం రాస్తానని నీ చిరునామా తీసుకుంది. ఆమెకి రాత అలవాటు లేదు, నాలుగు రోజులు పడుతుందేమో. నాదే ముందు చేరాలని ఇది స్పీడు పోస్టులో వేస్తున్నాను. ఆమె ఉత్తరం వచ్చాక, నీ మనసు మంచిది కాబట్టి, నిన్ను క్షమించాను అని రాయాలనిపిస్తుంది. ఆ ఒక్క మాట మాత్రం రాయకు. రాస్తే, తోసింది తనేనని ఆమెకి ఖాయమైపోతుంది.

ఇట్లు,
ఆ పొద్దున నేలకి మైనం పట్టించిన చేత్తోనే ఇది రాసిన
నాన్న